కవి స్మారకాలు: పాత ఫొటోలు, బొమ్మ కార్డులు చెప్పే చరిత్ర

కవి పేరిట ఊరు కట్టుకున్న కట్టడానికి రెండు చరిత్రలుంటాయి. కట్టించినవారు శిలాఫలకం మీద చెక్కించినది మొదటిది. కట్టడం లేచాక ఊరు దానితో ఎలా మెలిగిందన్నది రెండోది. ఎప్పుడు రంగు మారింది, ఎప్పుడు ప్రహరీ వచ్చింది, చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో దుకాణాలు ఎప్పుడు లేచాయి, జయంతులకు ఎవరెవరు వచ్చారు అనే సంగతులు ఏ ఫలకం మీదా ఉండవు. ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్న ఫొటోల్లో, ఎవరో ఎవరికో రాసిన కార్డుల్లో అవి దొరుకుతాయి. అందుకే పాత ఫొటోకూ పోస్టుకార్డుకూ చరిత్ర రచనలో శాసనం తర్వాతి స్థానం ఇవ్వవచ్చు.

తెలుగునాట కవుల స్మారకాలు పలు రూపాల్లో ఉన్నాయి. బమ్మెరలో పోతన సమాధి, కటారుపల్లిలో వేమన సమాధి ఉన్నాయి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం ఇల్లు, విజయనగరంలో గురజాడ ఇల్లు స్మారకాలయ్యాయి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాకకు దగ్గరలో, రాజంపేట రహదారి పక్కన 108 అడుగుల విగ్రహం నిలబడింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద కవుల విగ్రహాలు బారులు తీరాయి. బురుజులా ఎత్తుగా కట్టి, లోపల మెట్లు పెట్టి, కవికి అంకితం చేసే ఆచారం మాత్రం మనకు అరుదు. ఆ ఆచారం స్కాట్లండులో బలంగా ఉంది. మన దగ్గర కవికి ఎక్కువగా దక్కినవి సమాధి, మందిరం, విగ్రహం.

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు చుట్టుపక్కల ఈ విషయానికి మంచి ఉదాహరణ భక్త రామదాసు. ఇబ్రహీంపట్నం నుంచి మైలవరం, తిరువూరు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే దారి ఇప్పుడు 30వ నంబరు జాతీయ రహదారి. శ్రీరామనవమికి కృష్ణా జిల్లా పల్లెల నుంచి భద్రాద్రికి వెళ్లేవారిలో చాలామంది తిరువూరు మీదుగానే సాగుతారు. భద్రాద్రి గుడి కట్టించిన ఈ రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న, 17వ శతాబ్దివాడు. పుట్టింది ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో. 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులుగా ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయన మేనమామలని చెబుతారు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉంటూ, వసూలైన సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడన్న నేరం మీద గోల్కొండ చెరలో పడ్డాడు. పన్నెండేళ్లు చెరలో ఉన్నాడని ప్రతీతి. ఆయన పేరిట దాశరథీ శతకం, వందకు పైగా కీర్తనలు నిలిచాయి.

ఈ కవికి స్మారకాలు మూడు చోట్ల ఉన్నాయి. నేలకొండపల్లిలో ఆయన ఇల్లు ఉన్న చోట ధ్యానమందిరం వెలిసింది. గోల్కొండ కోటలో ఒక చీకటి గదిని రామదాసు బందీఖానాగా చూపిస్తారు. ఆ గోడ మీది రామలక్ష్మణుల, ఆంజనేయుడి రూపాలు ఆయన చెక్కినవేనని చెబుతారు. మూడోది భద్రాచలం గుడి. గుడిలో ఆయన చేయించాడనే నగలు ఇప్పటికీ చూపిస్తారు. ఒకటి ఊరు కట్టుకున్న మందిరం, ఒకటి శిక్ష గుర్తుగా మిగిలిన గది, ఒకటి ఆ కవే కట్టించిన ఆలయం. మూడింటి ఫొటోలూ ఒకేలా చదివితే పొరపాటు. బందీఖానా ఫొటో కోట చరిత్రలో భాగం. గుడి ఫొటో యాత్ర చరిత్రలో భాగం. నేలకొండపల్లి ఫొటో ఒక్కటే ఊరు తన కవిని ఎలా గుర్తు పెట్టుకుందో నేరుగా చెబుతుంది.

ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. కవి స్మారకాన్ని తీసిన తొలి ఫొటోల్లో ఒకటి 1844 నాటిది. ఎడిన్‌బరోలో వాల్టర్ స్కాట్ స్మారక గోపురం ఇంకా పూర్తి కాకుండా, పరంజా కట్టి ఉండగా విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ దాన్ని కాగితం నెగెటివ్ మీద తీశాడు. ఆ గోపురాన్ని 1846లో ప్రారంభించారు, ఎత్తు సుమారు 61 మీటర్లు. పూర్తయిన గోపురం ఇప్పటికీ అందరికీ కనిపిస్తుంది. పూర్తికాని గోపురాన్ని చూపేది ఆ ఫొటో. స్మారకాల విషయంలో ఫొటో చేసే ముఖ్యమైన మేలు ఇదే. కట్టడం దాచేసిన దశలను అది పట్టి ఉంచుతుంది.

మన ప్రాంతానికి ఫొటోగ్రఫీ తొందరగానే వచ్చింది. మద్రాసు ఫొటోగ్రాఫిక్ సొసైటీ 1856లో ఏర్పడింది. మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ 1858లో ఫొటోలు తీశాడు. 1905లో మరణించిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం కొలువులో ఆస్థాన ఫొటోగ్రాఫరుగా పనిచేసి, రాజా ముసవ్విర్ జంగ్ బిరుదు పొందాడు. గోల్కొండ కోటనూ కుతుబ్‌షాహీ సమాధులనూ ఆయన పెద్ద గాజు పలకల మీద తీశాడు. ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు శిథిలాలు, కోటలు, గుళ్లు, దర్బారులు వెతికి మరీ తీశారు. కవి పుట్టిన పల్లె వాళ్ల జాబితాలో లేదు.

ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. రామదాసు, పోతన, వేమన వంటివారు ఫొటోగ్రఫీకి ముందు కాలపు కవులు. వాళ్ల రూపాలుగా ఇప్పుడు చెలామణీ అయ్యే బొమ్మలన్నీ తర్వాతి చిత్రకారుల ఊహలే. 1972లో తపాలా శాఖ వేమన పేరిట వేసిన బిళ్ల మీది బొమ్మ కూడా అలాంటిదే. 1848 నుంచి 1919 వరకు జీవించిన వీరేశలింగం, 1862 నుంచి 1915 వరకు జీవించిన గురజాడ కెమెరా కాలంవారు. వారి విగ్రహాలను ఫొటోలతో పోల్చి చూడవచ్చు. రామదాసు విషయంలో ఆ వీలు లేదు. 1964లో చిత్తూరు నాగయ్య తీసి, తానే నటించిన రామదాసు చిత్రం, 2006లో వచ్చిన శ్రీరామదాసు చిత్రం జనం మనసులో ఆయన రూపాన్ని బలంగా ముద్రించాయి. పాత ఆల్బంలో తంబురా పట్టుకున్న రామదాసు ఫొటో కనిపిస్తే అది సినిమా స్టిల్లా, నాటకం వేషమా, మందిరంలోని పటానికి తీసిన నకలా అన్నది ముందు తేల్చుకోవాలి.

పోస్టుకార్డు కథ 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా–హంగరీలో మొదలైంది. ఇండియాలో సర్కారు కార్డు 1879 జూలై 1న వచ్చింది, వెల కాలణా. బొమ్మ కార్డు ఆ తర్వాతది. మొదట్లో కార్డు వెనకవైపంతా చిరునామాకే కేటాయించేవారు. రాయదలచుకున్నది బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించాల్సి వచ్చేది. 1902లో బ్రిటన్ వెనకవైపును నిలువుగా రెండు భాగాలు చేసి ఒకదానిలో జాబు, ఒకదానిలో చిరునామా రాసుకోనిచ్చింది. మిగతా దేశాలూ ఆ దారి పట్టాయి. దాంతో ముందు వైపు పూర్తిగా బొమ్మకే దక్కింది. వెనక గీత లేని కార్డు పాతదని, గీత ఉన్నది తర్వాతదని చెప్పడానికి ఇది మొదటి ఆనవాలు.

అక్కడి నుంచి 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేదాకా బొమ్మ కార్డులకు స్వర్ణయుగం. సరిగ్గా ఆ కాలానికి స్కాట్లండులో రాబర్ట్ బర్న్స్ స్మారకాలు సిద్ధంగా ఉన్నాయి. 1759లో పుట్టి 1796లో చనిపోయిన ఈ రైతు కవి పుట్టిన ఊరు అలోవే. అక్కడి స్మారకానికి 1820లో పునాది వేసి 1823లో పూర్తి చేశారు. మూడు ముఖాల పీఠం, దాని మీద తొమ్మిది స్తంభాలు, సుమారు 21 మీటర్ల ఎత్తు. తొమ్మిది స్తంభాలు గ్రీకు పురాణంలోని తొమ్మిది మంది కళాదేవతలకు గుర్తు. కిల్మార్నాక్‌లో ఎర్ర ఇసుకరాతి గోపురం 1879లో వచ్చింది. బర్న్స్ సేద్యం చేసిన మోస్‌గీల్ పొలానికి దగ్గరగా ఉన్న మాక్లిన్ అనే చిన్న ఊళ్లో, కవి శతవర్ధంతి ఏడాది 1896లో పునాది వేసిన బురుజు 1898లో తెరుచుకుంది. దాని పక్కనే వృద్ధులకు ఇళ్లు కట్టారు. కవి జ్ఞాపకం ముసలివారి ఆశ్రయంగా మారింది. డండీ నగరపు వాలంటైన్ కంపెనీ వంటి సంస్థలు స్కాట్లండులో ఊరూరా తిరిగి, గుర్తింపు ఉన్న ప్రతి కట్టడాన్నీ కార్డుగా అచ్చువేశాయి. వాలంటైన్ ఫొటోలకు వరస నంబర్లుండేవి. ఆ కంపెనీ సేకరణ ఇప్పుడు సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. కార్డు మూల మీది నంబరు పట్టుకుని ఆ ఫొటో ఏ కాలంలో తీసిందో పరిశోధకులు లెక్క కడతారు.

తెలుగు పల్లెకు అలాంటి అదృష్టం పట్టలేదు. మద్రాసులో హిగ్గిన్‌బాథమ్స్ వంటి సంస్థలు బొమ్మ కార్డులు అమ్మాయి. వాటిని కొన్నవారు ఎక్కువగా దొరలు, ఓడల మీద వచ్చిన ప్రయాణికులు. వాళ్లకు కావలసినవి మద్రాసు వీధులు, గాలిగోపురాలు, రేవులు, ఆనకట్టలు, కొండలు. తెలుగు చదవని కొనుగోలుదారుకు తెలుగు కవి ఊరు అక్కర్లేదు. దానికితోడు మన పల్లెల్లో కవుల స్మారకాల్లో చాలావాటికి పక్కా కట్టడాలు వచ్చేనాటికి బొమ్మ కార్డుల వైభవం దాటిపోయింది. అందువల్ల మన పల్లె స్మారకాలకు అచ్చు కార్డులు తక్కువ. వాటి స్థానంలో దొరికేవి వేరు. పట్నం స్టూడియోవారు జయంతికి వచ్చి తీసిన గ్రూపు ఫొటోలు, యాత్ర స్థలాల్లో అమ్మిన దేవుడి పటాల కార్డులు, పోస్టుకార్డు సైజు బ్రోమైడ్ కాగితం మీద కడిగిన అసలు ఫొటోలు. ఈ చివరి రకానికి 1903లో కోడక్ కంపెనీ అమ్మకానికి పెట్టిన 3ఏ కెమెరా ఊతమిచ్చింది. దాని నెగెటివ్ పోస్టుకార్డంత ఉండేది. భూతద్దంతో చూస్తే అచ్చు కార్డులో చుక్కలు కనిపిస్తాయి, అసలు ఫొటోలో నునుపైన నలుపు తెలుపులే ఉంటాయి. అసలు ఫొటో కార్డులు ఒక్కో దానికి కొద్ది ప్రతులే ఉంటాయి కనుక వాటి విలువ ఎక్కువ.

కార్డు కాలాన్ని పసిగట్టడంలో తిరువూరు ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. తిరువూరు బ్రిటిష్ ఇండియాలో, కృష్ణా జిల్లాలో ఉండేది. కొద్ది దూరంలోనే నిజాం సరిహద్దు. నేలకొండపల్లి హైదరాబాదు సంస్థానంలో, వరంగల్ వైపు ఉండేది. భద్రాచలం మళ్లీ బ్రిటిష్ ఏలుబడిలోనిది, 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో కొనసాగింది. అంటే రామదాసు పుట్టిన ఊరు, చెరలో ఉన్న కోట ఒక తపాలా కిందా, కట్టించిన గుడి మరో తపాలా కిందా ఉండేవి. నిజాం 1869 నుంచి సొంత తపాలా బిళ్లలు వేశాడు. అవి సంస్థానం లోపలి ఉత్తరాలకే చెల్లేవి. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం బిళ్లలు 1931లో వచ్చాయి. 1950 ఏప్రిల్ 1న నిజాం తపాలా ఇండియా తపాలాలో కలిసిపోయింది. కాబట్టి కార్డు మీద నిజాం బిళ్ల ఉంటే అది 1950 ఏప్రిల్‌కు ముందుది, సంస్థానం లోపలే తిరిగినది.

సరిహద్దుకు ఇవతలి కార్డుల మీద రాజుల తలలే కాలాన్ని చెబుతాయి. విక్టోరియా తల తర్వాత 1902 నుంచి ఏడో ఎడ్వర్డు, 1911 నుంచి అయిదో జార్జి, 1937 నుంచి ఆరో జార్జి. స్వతంత్ర భారతపు తొలి బిళ్ల 1947 నవంబరు 21న వచ్చింది. అణాలు పోయి నయా పైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఊరి పేరు కింద రాసే జిల్లా, రాష్ట్రం పేర్లు కూడా సాక్ష్యమే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, అదే ఏడాది నిజాం వైపు వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లా చేశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తపాలా ముద్ర చెప్పేది కార్డు వేసిన రోజు. ఫొటో తీసిన రోజు అంతకంటే ఎన్నో ఏళ్లు ముందు కావచ్చు. అంగడిలో పదేళ్లు మూలపడ్డ కార్డు కూడా ఒకనాడు అమ్ముడుపోతుంది.

తీసిన కాలాన్ని బొమ్మలోనే వెతకాలి. భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన 1965లో తెరిచారు. నది కనిపించే ఫొటోలో వంతెన లేకుండా పడవలే ఉంటే, కోణం సరిపోయినప్పుడు, అది అంతకు ముందుదని చెప్పవచ్చు. పక్కన రెండో వంతెన కూడా ఉంటే ఈ మధ్యది. పల్లె స్మారకం ఫొటోలో కరెంటు స్తంభం, మైకు హారన్, సైకిళ్లు, మోటారు సైకిళ్లు, గోడ మీది ఎన్నికల గుర్తు, ఆడవాళ్ల చీరకట్టు, మగవాళ్ల తలపాగా, కట్టడం మీది సున్నం లేదా రంగు చూడాలి. ఏదో ఒక్క ఆనవాలు మీద తీర్పు ఇవ్వకూడదు. మూడు నాలుగు ఆనవాళ్లు ఒకే కాలాన్ని చూపితే నమ్మవచ్చు.

బొమ్మ కింది పేరును కూడా పరీక్షించాలి. నేలకొండపల్లిలో ఊరి దగ్గర బౌద్ధ మహాస్తూపం ఉంది. క్రీస్తు శకం తొలి శతాబ్దాల నాటి ఇటుకల కట్టడం అది. నేలకొండపల్లి స్తూపం అని మాత్రమే రాసిన ఫొటో దొరికితే, దాన్ని రామదాసు స్మారకంగా జమకట్టే ప్రమాదం ఉంది. ఆ రెండింటి మధ్య వెయ్యేళ్లకు పైగా ఎడం. అలాగే ఫొటో కొన్నిసార్లు తిరగేసి అచ్చవుతుంది, ఎడమ కుడి అవుతుంది. బొమ్మలో ఎక్కడైనా అక్షరాలుంటే తప్పు వెంటనే పట్టుబడుతుంది.

కట్టడం దెబ్బతిన్నప్పుడు ఈ కాగితం ముక్కల విలువ బయటపడుతుంది. కిల్మార్నాక్ గోపురం 2004 నవంబరులో మంటల్లో కాలిపోయింది. 2009లో ఆ చోటే కొత్త కేంద్రంగా తెరుచుకుంది. కాలకముందు ఆ గోపురం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి వందేళ్ల నాటి కార్డులు మిగిలాయి. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద 1986లో నెలకొల్పిన విగ్రహాల్లో పలు విగ్రహాలు 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమంలో జరిగిన మిలియన్ మార్చ్ సందర్భంలో ధ్వంసమయ్యాయి. తర్వాత వాటిని తిరిగి నిలబెట్టారు. ముందు విగ్రహానికీ తర్వాతి విగ్రహానికీ తేడా ఉందా అన్న ప్రశ్నకు 1986 నుంచి 2011 వరకు సందర్శకులు తీసుకున్న మామూలు ఫొటోలే జవాబు చెబుతాయి. విగ్రహం ముందు నిలబడి తీయించుకున్న కుటుంబం ఫొటో ఇలా చరిత్ర పత్రం అవుతుంది. పల్లెల్లో ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. భక్తితో, మంచి మనసుతో చేసే జీర్ణోద్ధరణలో పాత రాయి మీద టైల్స్ పడతాయి, పాత ఫలకం గోడలో కలిసిపోతుంది. అప్పుడు పాత ఫలకం మీది మాటలు ఫొటోలోనే బతుకుతాయి.

వీటిని కాపాడే పద్ధతులు కష్టమైనవి కావు. కృష్ణా, గోదావరి మండలాల ఉక్కపోతలో ఫొటోకు మొదటి శత్రువు తేమ, రెండోది వెలుతురు, మూడోది మనం వాడే జిగురు. ఫొటోలను గోడకు తగిలించకుండా, ఆమ్లం లేని కాగితపు కవర్లలో, పొడిగా ఉండే బీరువాలో పెట్టాలి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ ఆల్బంలకు ఫొటో అంటుకుపోతుంది. లామినేషన్ చేస్తే దాన్ని మళ్లీ విడదీయడం కుదరదు. చిరిగిన చోట సెల్లోటేపు వేయకూడదు, కొన్నేళ్లకు అది పసుపు మరక మిగుల్చుతుంది. వెనక రాయాల్సి వస్తే మెత్తని పెన్సిల్‌తో అంచున రాయాలి, పెన్ను సిరా ముందు వైపుకు దిగుతుంది. గాజు నెగెటివ్‌లను ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టకుండా నిలబెట్టి ఉంచాలి. స్కాన్ చేసేటప్పుడు 600 డీపీఐకి తగ్గకుండా, ముందు వైపే కాక వెనకవైపు కూడా తీయాలి. జాబు, బిళ్ల, ముద్ర, స్టూడియో పేరు అన్నీ వెనకవైపే ఉంటాయి.

సేకరణకు వివరాల పట్టిక ప్రాణం. ప్రతి ఫొటోకు నంబరు, ఊరు, కట్టడం, కాలం, కాలాన్ని ఎలా నిర్ణయించారో ఒక మాట, ఎవరింటి నుంచి వచ్చింది అన్న వివరాలు ఉండాలి. బొమ్మలో ఉన్న మనుషులను గుర్తుపట్టగల పెద్దలు ఉన్నప్పుడే వాళ్ల చేత చెప్పించి రాసుకోవాలి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికలను ఏళ్ల తరబడి భద్రపరచి పరిశోధకులకు ఆధారమైంది. ఒక ఊరి గ్రంథాలయం ఎంత పని చేయగలదో చెప్పడానికి అది చాలు. ఫొటోల విషయంలో అదే పని ఏ శాఖా గ్రంథాలయమైనా, ఏ ఉన్నత పాఠశాలైనా ఒక బీరువా, ఒక రిజిస్టరు, ఒక స్కానరుతో మొదలుపెట్టవచ్చు. అసలు ఫొటో ఇంటివారికే తిరిగి ఇచ్చి, నకలు మాత్రం ఊరికి మిగుల్చుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

తిరువూరు పరిసరాల్లో నేలకొండపల్లికి, భద్రాచలానికి వెళ్లివచ్చిన కుటుంబాలు వేలు. ఆ యాత్రల్లో తీసుకున్న ఫొటోలు, అక్కడి నుంచి రాసిన కార్డులు పాత సామాన్లతో పాటు తూకానికి పోకముందే బయటికి తీయాలి. వెనకవైపు ఊరి పేరు, ఏడాది, అందులో ఉన్నవారి పేర్లు పెన్సిల్‌తో రాయాలి. ఒక నకలు ఊరి గ్రంథాలయానికి అందజేయాలి. శ్రోతలు ఈ పనిని ఈ వారమే తమ ఇంటి ఆల్బంతో మొదలుపెట్టవచ్చు.